తల్లిపాలు అవసరానికి మించి పడుతున్నాయా? తగ్గించుకోవడం ఎలా, మిల్క్ బ్యాంకుకు ఎప్పుడు ఇవ్వొచ్చు

బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల 2025 ఏప్రిల్‌లో తల్లయ్యారు. ఆ తర్వాత కొన్ని నెలల్లోనే దాదాపు 30 లీటర్ల తల్లిపాలు దానం చేశారన్న వార్త బాగా చర్చకు వచ్చింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఆ పాలు ఎంత మేలు చేస్తాయో చాలామందికి అప్పుడే తెలిసింది. దాంతోపాటు ఇంకో ప్రశ్న కూడా మొదలైంది. "నాకూ పాలు బాగా ఎక్కువ పడుతున్నాయి. రాత్రి జాకెట్ తడిసిపోతోంది, బిడ్డ నోట్లో పెట్టగానే పొలమారుతోంది. నేనేం చేయాలి?"

మన ఇళ్లలో పాలు చాలకపోతే సలహాలకు కొదవ ఉండదు. వెల్లుల్లి, మెంతులు, మునగాకు, కోస్తాలో అయితే పాలసొర పుట్టు అంటూ అందరూ చెబుతారు. పాలు ఎక్కువైతే మాత్రం "అదృష్టవంతురాలివి" అని ఊరుకుంటారు. దిష్టి తగులుతుందని బయటికి చెప్పవద్దంటారు. దాంతో నొప్పి, జ్వరం, బిడ్డ ఏడుపు అన్నీ ఆ తల్లే లోపల పెట్టుకుంటుంది. చివరికి విసిగిపోయి డబ్బా పాలకు మారిపోయినవారూ ఉన్నారు. పాలు లేక కాదు, ఎక్కువై. నిజానికి వైద్యులు గుర్తించిన సమస్య ఇది, పేరు హైపర్‌ల్యాక్టేషన్. దీని చికిత్స గురించి అమెరికాలోని అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ 2020లో ప్రత్యేకంగా మార్గదర్శకాలు కూడా ఇచ్చింది.

నిజంగా ఎక్కువేనా, మొదటి వారాల పొంగా?

ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే. కాన్పయిన రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో ముర్రుపాలు పోయి అసలు పాలు పడతాయి. అప్పుడు రెండు రొమ్ములూ రాయిలా గట్టిపడతాయి, వేడిగా ఉంటాయి, చేయి పెడితే నొప్పి. దాన్ని చూసి పాలు ఎక్కువయ్యాయని అనుకోకూడదు. పాలతో పాటు రక్తప్రసరణ, వాపు కూడా కలిసి వచ్చే దశ అది. బిడ్డకు తరచుగా పడుతుంటే కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది.

ఆ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాల వరకు శరీరం ఒక లెక్క వేసుకుంటూ ఉంటుంది. బిడ్డ ఎంత తాగితే అంత తయారు చేయడం నేర్చుకుంటుంది. ఈ లోపు పాలు కారడం, బట్టలు తడవడం, ఒకవైపు ఇస్తుంటే రెండోవైపు ధార కట్టడం మామూలే. ఆరు వారాలు దాటాక కూడా ఇదే పరిస్థితి ఉంటే అప్పుడు ఆలోచించాలి. బిడ్డకు కడుపు నిండా పట్టిన గంటకే మళ్లీ రొమ్ము బిగుసుకుపోవడం, గడ్డలు కట్టడం, రాత్రుళ్లు నొప్పికి మెలకువ రావడం కనిపిస్తే పాలు ఎక్కువ పడుతున్నాయని అనుకోవచ్చు.

ఒక కొలత చెప్పాలంటే, నెల నుంచి ఆరు నెలల మధ్య బిడ్డ రోజుకు సగటున 750 నుంచి 800 మిల్లీలీటర్ల దాకా తాగుతుంది. ఒక్కో బిడ్డకు ఇందులో చాలా తేడా ఉంటుంది. కాబట్టి మిల్లీలీటర్లు లెక్కపెట్టుకుని కంగారు పడొద్దు. మీ శరీరం, మీ బిడ్డ చూపించే లక్షణాలే ముఖ్యం.

బిడ్డలో ఏం కనిపిస్తుంది?

తల్లికి చేపు వచ్చినప్పుడు పాలు వేగంగా ధారలా వస్తే బిడ్డ గుటకలు వేయలేకపోతుంది. పొలమారుతుంది, దగ్గుతుంది, రొమ్ము వదిలేసి తల వెనక్కి విరుస్తుంది, ఏడుస్తుంది. కొందరు పిల్లలు ధార ఆపడానికి చిగుళ్లతో చనుమొనను గట్టిగా నొక్కుతారు. గాలి కూడా మింగేస్తారు కాబట్టి కడుపు ఉబ్బరం, తాగిన ప్రతిసారీ కక్కడం ఉంటాయి. ఐదు నిమిషాల్లో తాగడం ముగించి, మళ్లీ అరగంటకే ఆకలిగా ఏడుస్తారు. ఇంట్లోవాళ్లు దాన్ని చూసి "పాలు చాలడం లేదు" అనేస్తారు. చాలా ఇళ్లలో గోల ఇక్కడే మొదలవుతుంది.

ఇంకో లక్షణం ఆకుపచ్చగా, నురగ నురగగా విరేచనం. రొమ్ము నిండుగా ఉన్నప్పుడు మొదట వచ్చే పాలలో కొవ్వు తక్కువ, తాగేకొద్దీ కొవ్వు పెరుగుతుంది. పాలు మరీ ఎక్కువ ఉన్నప్పుడు బిడ్డ కడుపు మొదటి పాలతోనే నిండిపోతుంది. కొవ్వు తక్కువ కాబట్టి ఆ పాలు త్వరగా పేగుల్లోకి దిగిపోతాయి. వాటిలోని ల్యాక్టోజ్ మొత్తం ఒకేసారి అరగదు, పులిసి గ్యాస్ అవుతుంది. ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంటుంది. దీన్ని ల్యాక్టోజ్ పడని జబ్బు అనుకుని, తల్లిపాలు ఆపి ల్యాక్టోజ్ లేని పొడి పాలు మొదలుపెడతారు. బిడ్డకు తల్లిపాలు పడకపోవడం కాదిది. పాలు ఎక్కువై, వేగంగా రావడం వల్ల వచ్చిన ఇబ్బంది. వేగం సర్దితే విరేచనం కూడా సర్దుకుంటుంది.

అయితే విరేచనంలో రక్తం, జిగురు కనిపించినా, కక్కిన పాలు ఆకుపచ్చగా ఉన్నా, బిడ్డ బరువు పెరగకపోయినా ఇవే కారణాలనుకుని ఇంట్లో కూర్చోవద్దు. అలర్జీ, నాలుక కింద పొర బిగువుగా ఉండటం, పేగుల సమస్య లాంటివి ఉండొచ్చు. పిల్లల డాక్టర్‌కు చూపించాల్సిందే. గ్రైప్ వాటర్, వాము నీళ్లు వద్దు. ఆరు నెలల దాకా బిడ్డకు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అక్కర్లేదు.

బరువు విషయానికి వస్తే, మొదటి మూడు నెలల్లో వారానికి 150 నుంచి 200 గ్రాముల దాకా పెరగడం సాధారణం. పాలు ఎక్కువ పడే తల్లుల పిల్లలు తరచూ ఇంతకంటే ఎక్కువే పెరుగుతారు. "చాలడం లేదు" అనే అత్తగారికి చూపించడానికి దీన్ని మించిన రుజువు లేదు. ఆసుపత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఇంటికి రావాలి. బరువు చూడటం ఆమె పనుల్లో ఒకటి. రాకపోతే బస్తీ దవాఖానాలోనో, పట్టణ ఆరోగ్య కేంద్రంలోనో అడగండి. టీకాల కోసం బుధ, శనివారాల్లో వెళ్లినప్పుడు కూడా తూయించుకోవచ్చు.

ఎందుకు ఇలా అవుతుంది?

కొందరికి శరీర స్వభావమే అంత. అలాంటివారికి మొదటి కాన్పులో ఎక్కువ పడితే రెండో కాన్పులోనూ అలాగే ఉండొచ్చు. థైరాయిడ్, మెదడులోని పిట్యూటరీ గ్రంథి సమస్యల వల్ల ప్రొలాక్టిన్ హార్మోన్ పెరిగి ఇలా జరగడం అరుదు. కానీ ఏం చేసినా తగ్గకపోతే డాక్టర్ రక్త పరీక్ష రాయడానికి కారణం అదే.

ఈ మధ్య నగరాల్లో ఎక్కువగా కనిపించే కారణం వేరు. అది పంపు. కాన్పయిన వారం నుంచే బ్రెస్ట్ పంప్ పెట్టి, ఫ్రీజర్ నింపి, ఆ ఫొటోలు రీల్స్‌లో పెట్టే ధోరణి వచ్చింది. అవి చూసి "నాకు ఇన్నే వచ్చాయేంటి" అని మిగతావాళ్లు కూడా పంపు పడతారు. శరీరానికి అది పంపా, బిడ్డా అన్నది తెలియదు. రొమ్ము ఎంత ఖాళీ అయితే అంత కావాలనుకుని తయారు చేస్తుంది. రొమ్ములో పాలు నిలిచి ఉంటే "ఇక చాలు" అనే సంకేతం లోపలే వెళ్తుంది. పాలలోనే ఉండే ఒక పదార్థం తయారీని తగ్గిస్తుంది. పంపుతో పూర్తిగా పిండేస్తే ఆ సంకేతం వెళ్లదు. ఎవరికో కవలలు పుట్టినంత పాలు ఒక్క బిడ్డ తల్లికి తయారవుతాయి. బిడ్డకు ఒకవైపు ఇస్తూ రెండోవైపు కారే పాలు పట్టడానికి పెట్టే సిలికాన్ గిన్నె కూడా ఇదే పని చేస్తుంది. అది కూడా మెల్లగా పీలుస్తూనే ఉంటుంది కదా.

మరో కారణం పథ్యం. పాలు బాగా పడుతున్నా శతావరి పొడి, మెంతి లడ్డూ, ల్యాక్టేషన్ గ్రాన్యూల్స్ మానకుండా ఇస్తుంటారు. వీటి ప్రభావం అందరిలో ఒకేలా ఉండదు. అయినా పాలు ఇప్పటికే ఎక్కువ ఉన్నవారు వీటిని ఆపడం మొదటి పని. పాలు పడటానికి డాక్టర్ డోంపెరిడోన్ మాత్రలు రాసి ఉంటే, మీ అంతట మీరు ఒక్కసారిగా మానకుండా అడిగి తగ్గించుకోండి. మంచినీళ్లు తగ్గిస్తే పాలు తగ్గుతాయనే మాటలో నిజం లేదు. బాలింతకు నీళ్లు తక్కువ ఇవ్వడం ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉంది. మలబద్ధకం, నీరసం తప్ప దానివల్ల ఒరిగేది లేదు.

ఇంట్లో ఏం చేయొచ్చు?

ముందు తేలికైన మార్పులతో మొదలుపెట్టాలి. మొదటిది బిడ్డను పట్టుకునే తీరు. నిటారుగా కూర్చుని బిడ్డ మీదకు వంగితే ధార నేరుగా గొంతులోకి వెళుతుంది. దిండ్లు పెట్టుకుని వెనక్కి వాలి, బిడ్డను మీ పొట్ట మీద బోర్లా ఉంచి తాగించండి. పాలు కిందికి కాకుండా పైకి ఎక్కాలి కాబట్టి వేగం తగ్గుతుంది. బిడ్డ తన తల తనే పక్కకు తిప్పుకోగలదు. పక్కకు పడుకుని ఇచ్చినా బాగానే ఉంటుంది, ఎక్కువైన పాలు బిడ్డ నోటి పక్క నుంచి కారిపోతాయి. కింద ఒక గుడ్డ వేసుకోండి.

చేపు రాగానే ధార మరీ ఎక్కువగా ఉంటే బిడ్డను ఒక్క నిమిషం తప్పించి, మొదటి ధారను గుడ్డలోకి పోనిచ్చి, నెమ్మదించాక మళ్లీ పెట్టండి. ఇలా ప్రతిసారీ గిన్నె నిండేదాకా పిండవద్దు. ధార తగ్గితే చాలు. మధ్య మధ్య బిడ్డను భుజం మీద వేసుకుని త్రేన్పు తెప్పించాలి. బాగా ఆకలేసి ఏడ్చేదాకా ఆగకుండా, నిద్రమత్తులో ఉన్నప్పుడే ఇస్తే మెల్లగా తాగుతుంది.

వీటితో సర్దుకోకపోతే, బిడ్డ బరువు బాగా పెరుగుతుంటే, అప్పుడు బ్లాక్ ఫీడింగ్. పేరు పెద్దదిగా ఉన్నా విషయం తేలికే. మూడు గంటలపాటు బిడ్డ ఎన్నిసార్లు అడిగినా ఒకే రొమ్ము ఇవ్వాలి. ఉదాహరణకు ఉదయం 6 నుంచి 9 దాకా కుడి, 9 నుంచి 12 దాకా ఎడమ. ఇవ్వని రొమ్ములో పాలు నిలిచి ఉంటాయి కాబట్టి అక్కడ తయారీ తగ్గుతుంది. ఇచ్చే రొమ్ము బాగా ఖాళీ అవుతుంది కాబట్టి బిడ్డకు కొవ్వున్న పాలు అందుతాయి. ఇవ్వని వైపు భరించలేనంత బిగిస్తే చేత్తో కొద్దిగా, నొప్పి తగ్గేంత మాత్రమే పిండుకోవాలి. కొందరు మొదలుపెట్టే రోజు ఒక్కసారి రెండువైపులా పంపుతో పూర్తిగా ఖాళీ చేసి అక్కడి నుంచి లెక్క మొదలుపెడతారు. చాలామందికి ఒకటి రెండు రోజుల్లోనే తేడా తెలుస్తుంది.

దీన్ని యూట్యూబ్‌లో చూసి కాన్పయిన పదో రోజునే మొదలుపెట్టడం ప్రమాదం. శరీరం ఇంకా లెక్క వేసుకునే దశలో ఇలా చేస్తే పాలు మరీ తగ్గిపోవచ్చు, మళ్లీ పెంచడం కష్టం. నాలుగు నుంచి ఆరు వారాలు దాటాక, బిడ్డ బరువు చూసుకుని, వీలైతే ల్యాక్టేషన్ కౌన్సెలర్‌నో డాక్టర్‌నో అడిగి చేయాలి. రొమ్ములో జ్వరంతో కూడిన వాపు ఉన్నప్పుడు మొదలుపెట్టకూడదు. పాలు సరిపడా స్థాయికి రాగానే ఆపేయాలి. బిడ్డ మూత్రం రోజుకు ఆరుసార్ల కంటే తగ్గినా, బరువు నిలిచిపోయినా వెంటనే మళ్లీ రెండువైపులా ఇవ్వాలి.

పంపు అలవాటైనవారు ఒక్కరోజులో మానేస్తే గడ్డలు కడతాయి. రెండు మూడు రోజులకోసారి పంపు సమయాన్ని కొన్ని నిమిషాలు తగ్గించుకుంటూ, రెండు పంపుల మధ్య విరామం పెంచుకుంటూ రావాలి. చివరికి రాత్రి ఒక్కసారి మిగులుతుంది, తర్వాత అదీ పోతుంది. వారం, రెండు వారాలు పట్టినా నష్టం లేదు.

క్యాబేజీ ఆకుల సంగతి చాలామంది అడుగుతారు. ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచిన ఆకు రొమ్ము మీద వేసుకుంటే బిగువు, నొప్పి కొందరికి తగ్గుతాయి. చల్లటి గుడ్డ కూడా దాదాపు అదే పని చేస్తుంది. ఇక మల్లెపూలు. పాలు మాన్పడానికి రొమ్ముకు మల్లెదండలు కట్టడం దక్షిణాదిలో పాత పద్ధతి. వేలూరు సీఎంసీ వైద్యులు దీని మీద 1988లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. పాలు ఆపే మందు బ్రోమోక్రిప్టిన్‌తో పోల్చి చూస్తే, మల్లెపూలు కట్టినవారిలో కూడా ప్రొలాక్టిన్ తగ్గింది, మందుకు మాత్రం ఎక్కువ తగ్గింది. అమ్మమ్మల మాటలో కొంత నిజం ఉందన్నమాట. కానీ ఆ పద్ధతి పాలు పూర్తిగా ఆపడానికి. బిడ్డకు ఇస్తూ కాస్త తగ్గించుకోవాలనుకునేవారు దాని జోలికి వెళ్లకపోవడమే మేలు.

మందుల విషయంలో సొంత ప్రయోగాలు వద్దు. క్యాబెర్గోలిన్ లాంటివి పాలను వేగంగా తగ్గిస్తాయి, ఒక్కోసారి పూర్తిగా ఆపేస్తాయి. మోతాదు డాక్టర్ మాత్రమే చెప్పాలి. ముక్కు దిబ్బడకు వాడే సూడోఎఫెడ్రిన్, ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు కూడా పాలు తగ్గిస్తాయి. అందుకే వాటిని వాడమని మెడికల్ షాపులో ఎవరో చెప్పారని తెచ్చుకోవద్దు. కాన్పయిన తొలి వారాల్లో ఈస్ట్రోజన్ మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ.

జ్వరం వస్తే?

రొమ్ములో ఒకచోట ఎర్రబడి, వేడిగా, ముట్టుకోలేనంత నొప్పిగా ఉండి, చలిజ్వరం వస్తే దాన్ని మాస్టైటిస్ అంటారు. పాలు ఎక్కువున్నవారికి ఇది పదేపదే వస్తుంటుంది. ఈ విషయంలో సలహా ఇటీవల మారింది, పాత సలహానే మన ఇళ్లలో ఇంకా నడుస్తోంది. వేడి కాపడం పెట్టి, మాలిష్ చేసే ఆమెతో గడ్డ కరిగేదాకా గట్టిగా రుద్దించడం, పంపుతో ఆఖరి బొట్టు దాకా పిండడం పాత పద్ధతి. 2022లో వచ్చిన కొత్త మార్గదర్శకాలు ఇవి రెండూ వద్దంటున్నాయి. గట్టిగా రుద్దితే లోపలి కణజాలం దెబ్బతిని వాపు పెరుగుతుంది. ఎక్కువ పిండితే పాలు ఇంకా ఎక్కువ తయారై, వాపు తగ్గదు.

బదులుగా చల్లటి కాపడం పెట్టుకోండి. డాక్టర్ సలహాతో ఐబుప్రొఫెన్ లేదా పారాసిటమాల్ వేసుకోండి. విశ్రాంతి తీసుకుంటూ బిడ్డకు ఎప్పటిలాగే పాలివ్వండి. ఆ పాలు బిడ్డకు హాని చేయవు. ఇరవై నాలుగు గంటల్లో తగ్గకపోయినా, జ్వరం పెరిగినా యాంటీబయాటిక్ కావాల్సి వస్తుంది. మెత్తగా ఊగే గడ్డ తగిలితే చీము పట్టి ఉండొచ్చు, స్కాన్ చేయించాలి. ఇది ఇంటి వైద్యంతో పోదు. ప్రభుత్వ ఆసుపత్రిలో గైనిక్ ఓపీలోనే చూస్తారు, సర్జరీ విభాగానికి పంపుతారు.

మిగిలిన పాలు: పారబోయాలా, దానం చేయాలా?

పిండిన పాలను ఎవరూ తొక్కని చోట, చెట్టు మొదట్లో పోయాలని పెద్దలు చెబుతారు. ఆ పాల విలువ తెలిసి చెప్పిన మాటే అది. ఇప్పుడు అంతకంటే మంచి చోటు ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ అంచనాల ప్రకారం 2020లో భారత్‌లో సుమారు 30 లక్షల మంది పిల్లలు నెలలు నిండకుండా పుట్టారు. ప్రపంచంలో ఏ దేశంలోనూ ఇంతమంది లేరు. వీరిలో కొందరి తల్లులు ఐసీయూలో ఉంటారు, కొందరికి తొలి రోజుల్లో పాలు పడవు, కొందరు తల్లులు బతకరు. ఇలాంటి పిల్లలకు పొడి పాలు పడితే పేగులు కుళ్లే ప్రమాదకర జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది. దాత తల్లిపాలు ఆ ముప్పును తగ్గిస్తాయి. కిలో బరువున్న బిడ్డకు మొదటి రోజు కావాల్సింది దాదాపు 60 నుంచి 80 మిల్లీలీటర్లు మాత్రమే. అంటే మీరు ఒక పూట గుడ్డలోకి పోనిచ్చే పాలతో అలాంటి బిడ్డకు ఒక రోజు గడిచిపోతుంది.

ఆసియాలో మొదటి మిల్క్ బ్యాంకు 1989లో ముంబై సయన్ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ చొరవతో మొదలైంది. హైదరాబాద్‌లో ప్రభుత్వ రంగంలో నీలోఫర్ ఆసుపత్రిలో ధాత్రి మిల్క్ బ్యాంకు 2017లో వచ్చింది. ధాత్రి అంటే భూమి అనే కాదు, పాలిచ్చి పెంచిన తల్లి అని కూడా అర్థం. పేరు చక్కగా కుదిరింది. అదే ఏడాది కేంద్ర ఆరోగ్య శాఖ ప్రభుత్వ ఆసుపత్రుల కోసం మూడంచెల విధానం తెచ్చింది. పెద్ద ఆసుపత్రుల్లో దాతల పాలు సేకరించి శుద్ధి చేసి నిల్వ చేసే సమగ్ర కేంద్రాలు ఉంటాయి. ఆ కింద, తల్లి తన పాలు పిండి తన బిడ్డకే ఇచ్చుకునేందుకు సాయపడే యూనిట్లు. కాన్పులు జరిగే అన్నిచోట్లా పాలివ్వడంపై సలహా ఇచ్చే సహాయ కేంద్రాలు మూడో అంచె. మీ ఊరి ఆసుపత్రిలో రెండో రకం మాత్రమే ఉంటే అక్కడ దానం తీసుకోరు. వెళ్లేముందు ఫోన్ చేసి "దాతల పాలు తీసుకుంటారా" అని సూటిగా అడగండి.

దానం ఎవరు చేయొచ్చు? మీ బిడ్డకు సరిపోగా మిగలాలి, ఇది మొదటి షరతు. మీరు ఆరోగ్యంగా ఉండాలి. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సిఫిలిస్ పరీక్షలు నెగెటివ్ రావాలి. గర్భంతో ఉన్నప్పుడు చేసిన రిపోర్టులు ఉంటే వెంట తీసుకెళ్లండి. పొగాకు, మద్యం అలవాటు ఉండకూడదు. వాడుతున్న మందులన్నీ చెప్పాలి, ఆయుర్వేదం మందులతో సహా. రాతపూర్వక అంగీకారం తీసుకుంటారు. డబ్బు ఇవ్వరు, తీసుకోరు.

సేకరించిన పాలను 62.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 నిమిషాలు వేడి చేస్తారు. వెంటనే చల్లార్చి, సూక్ష్మజీవుల పరీక్ష చేసి, మైనస్ 20 డిగ్రీల దగ్గర దాస్తారు. డాక్టర్ చీటీ ఉంటేనే, తల్లిదండ్రుల అంగీకారంతోనే బిడ్డకు ఇస్తారు. ఒకే తల్లి పాలు తాగిన పిల్లలు తోబుట్టువులతో సమానమని భావించే ముస్లిం కుటుంబాలకు ఇక్కడ ఒక సందేహం వస్తుంది. పలువురి పాలు కలిపితే ఎవరు ఎవరికి తోబుట్టువులో ఎలా తెలుస్తుంది? ఇవ్వడానికైనా, తీసుకోవడానికైనా ముందు ఈ ప్రశ్న సిబ్బందిని అడగడంలో తప్పేమీ లేదు. ఒప్పుకోవాలని ఎవరూ బలవంతపెట్టలేరు.

వాట్సాప్ గ్రూపులో అడిగితే ఇవ్వొచ్చా?

మంచి మనసుతో అడిగేవాళ్లు, ఇచ్చేవాళ్లు ఉంటారు. కానీ పరీక్షలు లేకుండా, శుద్ధి చేయకుండా, డెలివరీ బాయ్ బండి మీద నగరం దాటే పాలు నెలలు నిండని బిడ్డకు ప్రాణాంతకం కావచ్చు. ఇక అమ్మకం పూర్తిగా వేరే సంగతి. తల్లిపాలను శుద్ధి చేసి అమ్మడానికి ఆహార భద్రత చట్టం అనుమతించదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024 మే నెలలో స్పష్టం చేసింది. అలాంటివారికి లైసెన్సులు ఇవ్వొద్దని రాష్ట్రాలకు చెప్పింది. ఆ తర్వాత కొద్ది రోజులకే చెన్నై మాధవరంలో 50 మిల్లీలీటర్ల సీసా 500 రూపాయలకు అమ్ముతున్న దుకాణాన్ని అధికారులు మూసేశారు. "మీ పాలు కొంటాం" అని ఎవరైనా సంప్రదిస్తే ఆ వ్యాపారం చట్టబద్ధం కాదని గుర్తుపెట్టుకోండి.

ఇంట్లో ఎలా దాచాలి?

చేతులు సబ్బుతో కడిగి, మరిగించిన స్టీలు లేదా గాజు పాత్రలోకి పిండి, తేదీ, సమయం రాసిపెట్టండి. అమెరికా సీడీసీ లెక్క ప్రకారం 25 డిగ్రీల లోపు గది వాతావరణంలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు, ఫ్రీజర్‌లో 6 నెలల దాకా బాగుంటాయి. మే నెలలో మన వంటగది 25 డిగ్రీల్లో ఉండదు కాబట్టి పిండగానే ఫ్రిజ్‌లో పెట్టేయడమే మంచిది. తలుపు అరలో కాదు, వెనక వైపు. సింగిల్ డోర్ ఫ్రిజ్ లోపల ఉండే చిన్న ఫ్రీజర్‌లో, కరెంటు పోతూ వస్తూ ఉండే చోట, నెలల లెక్క నమ్మొద్దు. కరిగించిన పాలు మళ్లీ గడ్డకట్టించకూడదు. మైక్రోవేవ్ వద్దు, గోరువెచ్చని నీళ్ల గిన్నెలో సీసా పెడితే చాలు. దానం చేయాలనుకుంటే ముందుగా బ్యాంకును అడగండి. పాత్ర, నిల్వ విషయంలో వారి నిబంధనలు వేరుగా ఉంటాయి, ఇంట్లో ఎన్నాళ్లుగానో దాచినవి తీసుకోకపోవచ్చు.

దానం కోసం ఎక్కువ పిండొచ్చా?

ఇది చాలామంది అడగరు, కానీ అడగాల్సిన ప్రశ్న. అమెరికాలోని ఒరెగాన్‌కు చెందిన ఎలిజబెత్ ఆండర్సన్-సియెరా 2015 నుంచి 2018 మధ్య 1,599.68 లీటర్ల పాలు ఒక మిల్క్ బ్యాంకుకు ఇచ్చి గిన్నిస్ రికార్డు సాధించారు. ఆమెకు ఉన్నది హైపర్‌ల్యాక్టేషన్ సమస్యే. ఆమె రోజులో ఎన్ని గంటలు పంపు దగ్గర గడిపి ఉంటారో రికార్డు అంకె చూసేవాళ్లకు తట్టదు. మీకు మాస్టైటిస్ వస్తోంది, నిద్ర లేదు, బిడ్డ పొలమారుతోంది అంటే ముందు పాలు తగ్గించుకోండి. తగ్గించుకునే ఆ వారం, రెండు వారాల్లో పిండక తప్పని పాలు ఎలాగూ ఉంటాయి, అవే దానం చేయండి. బ్యాంకు కోసం తగ్గించుకోవడం వాయిదా వేయొద్దు.

ఉద్యోగానికి తిరిగి వెళ్లేవారికి ఒక మాట. ప్రసూతి సెలవు 26 వారాలు ముగిశాక, బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా రోజుకు రెండు నర్సింగ్ బ్రేకులు అడిగే హక్కు ఉంది. 50 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న చోట క్రెచ్ ఉండాలి. ఈ బ్రేకుల్లో బిగువు తగ్గేంత పిండుకుంటే మధ్యాహ్నానికి బట్టలు తడిసే ఇబ్బంది తప్పుతుంది. ముదురు రంగు దుస్తులు, లోపల మార్చుకోవడానికి గుడ్డ ప్యాడ్లు రెండు జతలు బ్యాగులో ఉంచుకోండి. తడిసిన ప్యాడ్ అలాగే ఉంచితే చనుమొన ఒరిసిపోతుంది.

నిద్ర లేక, నొప్పితో, "నా పాలే బిడ్డకు పడటం లేదు" అన్న దిగులు రోజంతా వెంటాడుతుంటే 14416 నంబరుకు ఫోన్ చేయండి. ఇది కేంద్రం నడిపే టెలీ మానస్ ఉచిత సేవ, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.